ట్రౌట్ అన్‌లిమిటెడ్

ట్రౌట్ అన్‌లిమిటెడ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చల్లని నీటి చేపలను, అవి నివసించే నదులను, వాగులను పరిరక్షించడానికి ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ. ఇది 1959 జూలైలో మిచిగన్ రాష్ట్రంలోని గ్రేలింగ్ పట్టణానికి సమీపమున ఆసాబుల్ నది ఒడ్డున ప్రారంభమైనది. దీనిని స్థాపించినవారు శాస్త్రవేత్తలు కారు, ప్రభుత్వ అధికారులూ కారు; ఫ్లై ఫిషింగ్ (కృత్రిమ ఈగతో వేసే గాలపు వేట) అంటే ఇష్టపడే పదహారు మంది స్నేహితులు. నేడు ఈ సంస్థకు దేశవ్యాప్తంగా సుమారు 400 స్థానిక శాఖలు, సుమారు 3,00,000 మంది సభ్యులు, మద్దతుదారులు ఉన్నారు. జాతీయ కార్యాలయం వాషింగ్టన్ నగరానికి ఆనుకొని ఉన్న ఆర్లింగ్టన్ (వర్జీనియా)లో ఉన్నది. అయితే సంస్థ పనిలో పెద్ద భాగం ఒక్కొక్క వాగునూ తమదిగా భావించే చిన్న చిన్న శాఖల ద్వారానే జరుగుతుంది.

పేరు

అడవి బాతుల ఆవాసాలను కాపాడటానికి 1937లో ఏర్పడిన డక్స్ అన్‌లిమిటెడ్ అనే సంస్థను చూసి ఈ సంస్థకు ఆ పేరు పెట్టారు. "అన్‌లిమిటెడ్" అనగా హద్దు లేనిది అని అర్థము. పేరును బట్టి కావలసినన్ని చేపలు పట్టుకొనుటకు ఏర్పడిన సంఘమని అనిపించవచ్చును. కాని సంస్థ ఆశయం ఇందుకు భిన్నమైనది. నది బాగుంటే చేప తనంత తానే పెరుగుతుంది, చేప ఉంటే వేట కూడా ఉంటుంది, కాబట్టి మొదట చూసుకోవలసినది చేపను, నదిని అన్నది వీరి మూల సూత్రము.

ట్రౌట్ చేపలు, వాటికి కావలసిన నీరు

ట్రౌట్ సాల్మన్ కుటుంబానికి చెందిన చేప. అమెరికా నదులలో ముఖ్యంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

బ్రూక్ ట్రౌట్: తూర్పు ఉత్తర అమెరికాకు చెందినది. శాస్త్రీయంగా ఇది చార్ అనే ఉపవర్గానికి చెందుతుంది.
కట్‌త్రోట్ ట్రౌట్: పశ్చిమ ప్రాంతానికి చెందినది. దవడ క్రింద ఎర్రని చారలు ఉంటాయి.
రెయిన్‌బో ట్రౌట్: పసిఫిక్ తీరపు నదులకు చెందినది. తరువాత ప్రపంచమంతటా వ్యాపింపజేయబడినది.
బ్రౌన్ ట్రౌట్: ఐరోపా, పశ్చిమ ఆసియాలకు చెందినది. దీని గుడ్లను 1883లో జర్మనీ నుండి అమెరికాకు తెచ్చారు. మరుసటి సంవత్సరం మిచిగన్‌లోని పేర్ మార్కెట్ నది పాయలో పిల్లలను వదిలారు.

వీటన్నిటికీ చల్లని, స్వచ్ఛమైన, ప్రాణవాయువు ఎక్కువగా కరిగి ఉన్న నీరు కావాలి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు కరిగే శక్తి తగ్గుతుంది. 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. 25 డిగ్రీల వద్ద అది సుమారు 8 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో వేడి వల్ల చేప శరీరానికి కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. ఈ రెండు కారణాల చేత వేసవిలో నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు చేరగానే వేట ఆపివేయమని శాఖలు సభ్యులకు చెబుతాయి. ఆ వేడిలో గాలానికి చిక్కి పెనుగులాడిన చేపను ఎంత జాగ్రత్తగా వదిలినా తరువాత చనిపోయే అవకాశం ఎక్కువ.

ఆడ ట్రౌట్ తోకతో గులకరాళ్ళను తొలిచి గుంట చేసి అందులో గుడ్లు పెడుతుంది. రాళ్ళ సందుల నుండి నీరు పారుతూ ఉంటేనే గుడ్లు బ్రతుకుతాయి. ఒడ్డు కోసుకుపోయి మట్టి, ఒండ్రు ఆ సందులను మూసివేస్తే గుడ్లు ఊపిరాడక చచ్చిపోతాయి. కావున ట్రౌట్ చేపను కాపాడటమంటే ఒడ్డున చెట్లను, పరీవాహక ప్రాంతంలోని నేలను, నీటి అడుగున ఉండే పురుగులను కూడా కాపాడటమే.

నేపథ్యము

సంస్థ పుట్టిన గ్రేలింగ్ పట్టణం పేరు ఒక చేప పేరు. గ్రేలింగ్ అనేది తెరచాప వంటి పెద్ద వీపు రెక్క గల అందమైన చేప. పందొమ్మిదవ శతాబ్దంలో ఆసాబుల్ నది ఈ చేపలకు ప్రసిద్ధి పొందినది. 1870ల నుండి రైలు మార్గం రావడంతో దూరప్రాంతాల నుండి వేటగాళ్ళు వచ్చి లెక్కకు మించి పట్టుకొని పోయారు. అదే కాలంలో మిచిగన్‌లోని తెల్ల పైన్ అడవులను నరికి, దుంగలను వసంతకాలపు వరదలో నదుల వెంట తేలవేసి రంపపు మిల్లులకు తరలించేవారు. గ్రేలింగ్ గుడ్లు పెట్టేది కూడా వసంతంలోనే. దుంగలు నది అడుగును గీసుకుంటూ పోవడం వల్ల గుడ్లు నాశనమయ్యాయి. చెట్ల నీడ పోయి నీరు వేడెక్కినది. బయటి నుండి తెచ్చి వదిలిన ట్రౌట్ చేపలు ఆహారానికి, చోటుకు పోటీ పడ్డాయి. 1930ల నాటికి గ్రేలింగ్ మిచిగన్ రాష్ట్రంలో పూర్తిగా అంతరించిపోయినది. ఊరి పేరు మాత్రం మిగిలినది.

కాబట్టి 1959 నాటికి ఆసాబుల్ నదిలో వేటగాళ్ళు ప్రేమించిన ట్రౌట్ చేపలు స్వయంగా ఆ నదికి చెందినవి కావు. ఒక చేపను పోగొట్టుకున్న ఊరు, దాని స్థానంలోకి వచ్చిన మరొక చేపను కాపాడుకోవడానికి నడుము కట్టినది. సంస్థ చరిత్రలో తరువాత వచ్చిన అనేక వాదాలకు మూలం ఈ విషయంలోనే ఉన్నది.

స్థాపన

జార్జ్ గ్రిఫిత్ (1901–1998) మిచిగన్ రాష్ట్ర పరిరక్షణ కమీషన్ సభ్యుడు. ఆసాబుల్ నది ఒడ్డున ఇతని ఇంటికి "బార్బ్‌లెస్ హుక్" అని పేరు. అనగా ఎదురుముల్లు లేని గాలము అని అర్థం. అటువంటి గాలం నుండి చేపను గాయపరచకుండా తేలికగా విడిపించవచ్చును. గ్రిఫిత్ స్నేహితుడు, మోటారు కార్ల పరిశ్రమాధిపతి అయిన జార్జ్ మేసన్ 1954లో చనిపోతూ నది దక్షిణపు పాయ వెంబడి ఉన్న తన భూమిని ప్రజల కొరకు రాష్ట్రానికి వ్రాసి ఇచ్చాడు. ట్రౌట్ చేపల కొరకు ఒక సంస్థ ఉండాలన్న ఆలోచన ఈ మిత్రుల మాటల మధ్యనే పుట్టినది.

1959 జూలైలో గ్రిఫిత్ ఇంట్లో పదహారు మంది సమావేశమై సంస్థను ప్రారంభించారు. కేసీ వెస్టెల్ మొదటి అధ్యక్షుడు. సాగినా పట్టణానికి చెందిన గాలపు కర్రల తయారీదారు ఆర్ట్ న్యూమన్ తొలి సంవత్సరాలలో సంస్థను నడిపినవారిలో ముఖ్యుడు. ట్రౌట్ నిర్వహణలో తాము చెప్పేది జీవశాస్త్రపరంగా సరియైనది కావాలని, నీతిపరంగా కూడా సరియైనది కావాలని వీరు మొదటి నుండి నియమం పెట్టుకున్నారు. కొద్ది సంవత్సరాలలోనే విస్కాన్సిన్, ఇల్లినాయి, న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాలలో శాఖలు వెలిశాయి.

హేచరీ చేపల వివాదము

సంస్థ మొదటి పోరాటం కర్మాగారాలతో కాదు, ఆనకట్టలతో కాదు. చేపలను పెంచి నదిలో వదిలే ప్రభుత్వ పద్ధతితోనే. ఆ కాలంలో రాష్ట్ర ప్రభుత్వాలు హేచరీలలో (చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలలో) ట్రౌట్ చేపలను వేటకు తగిన పరిమాణం వచ్చేవరకు తొట్లలో మేపి, వేట కాలం మొదలయ్యే ముందు ట్యాంకర్లలో తెచ్చి నదులలో పోసేవి. వేటగాళ్ళు కొద్ది రోజులలో వాటిని పట్టుకొని పోయేవారు. ఎక్కువ చేపలు వదిలితే ఎక్కువ మంది లైసెన్సులు కొంటారని, అందరూ సంతోషిస్తారని అధికారుల ఆలోచన.

ఈ పద్ధతి నదికి మేలు చేయదని, నది పాడైపోయిన సంగతిని కప్పిపుచ్చుతుందని ట్రౌట్ అన్‌లిమిటెడ్ వాదించినది. తొట్టి చేపలు మందలుగా దిగి సహజంగా పుట్టిన చేపలను వాటి స్థావరాల నుండి తరుముతాయి, వ్యాధులను తెస్తాయి, సంకరం వల్ల స్థానిక చేపల జన్యు బలాన్ని తగ్గిస్తాయి. తమ వేట తాత్కాలికంగా తగ్గినా సరే, వదలడం ఆపమని వేటగాళ్ళే అడగడం అధికారులకు వింతగా తోచినది. అయినా 1960లలో మిచిగన్ రాష్ట్రం తన విధానాన్ని మార్చుకొని ఆవాసాల రక్షణ వైపు మొగ్గినది.

ఈ వాదానికి గట్టి ఆధారం మోంటానా రాష్ట్రం నుండి లభించినది. అక్కడి చేపల జీవశాస్త్రవేత్త డిక్ విన్సెంట్ మాడిసన్ నదిలో కొన్ని సంవత్సరాల పాటు చేపలను లెక్కించి, హేచరీ చేపలను వదలడం మానివేసిన చోట సహజ ట్రౌట్ సంఖ్య పెరిగినట్లు చూపించాడు. వ్యాపారుల, కొందరు వేటగాళ్ళ నిరసనను లెక్కచేయకుండా 1974లో మోంటానా తన ట్రౌట్ నదులలో హేచరీ చేపలను వదలడం ఆపివేసినది. నేడు ఆ రాష్ట్రపు నదులు వాటంతట అవే పెరిగిన ట్రౌట్ చేపలకు పేరు పొందాయి.

ఫ్లై ఫిషింగ్

మామూలు గాలపు వేటలో ఎర లేదా సీసపు గుండు బరువు వల్ల దారం దూరం పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కృత్రిమ ఈగకు బరువు దాదాపు ఉండదు. బరువు దారములోనే ఉంటుంది. పొడవైన, వంగే గుణం గల గాలపు కర్రతో ఈ మందపు దారాన్ని వెనుకకు, ముందుకు ఊపి గాలిలో ఉచ్చులా సాగదీసి నీటిపై పరుస్తారు. దాని కొసన సన్నని, కంటికి కనబడని దారం, దాని చివర ఈగ ఉంటాయి. ఈగ నీటిపై చప్పుడు లేకుండా వాలాలి, ప్రవాహంతో పాటు సహజంగా కొట్టుకుపోవాలి. దారం లాగినట్లు కనిపిస్తే ట్రౌట్ దానిని ముట్టదు.

కృత్రిమ ఈగలు ప్రధానంగా మూడు విధాలు. నీటిపై తేలేవి (డ్రై ఫ్లై), నీటి అడుగున తిరిగే పురుగు పిల్లలను పోలినవి (నింఫ్), చిన్న చేపలను పోలినవి (స్ట్రీమర్). కోడిపుంజు మెడ ఈకలు, జింక వెంట్రుకలు, నెమలి ఈక పోగులు, పట్టు దారము మొదలైనవాటిని గాలానికి చుట్టి వీటిని తయారు చేస్తారు. ప్రసిద్ధి చెందిన "ఆడమ్స్" అనే ఈగను 1922లో మిచిగన్ రాష్ట్రంలోనే లెనార్డ్ హాలడే రూపొందించాడు.

ఈ విద్య చాలా పాతది. ఎర్ర ఉన్ని, కోడి ఈకలు చుట్టిన గాలంతో మాసిడోనియాలో చేపలు పట్టే పద్ధతిని రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1800 సంవత్సరాల క్రిందట వర్ణించాడు. జపాన్‌లో రీలు లేకుండా కర్ర, దారము, ఈగలతో వేటాడే టెంకారా పద్ధతి స్వతంత్రంగా అభివృద్ధి చెందినది. పట్టిన చేపను బ్రతికుండగానే వదిలివేయాలన్న ఆలోచనను అమెరికాలో లీ వుల్ఫ్ తన 1939 నాటి పుస్తకం ద్వారా ప్రచారం చేశాడు. నార్మన్ మెక్లీన్ 1976లో ప్రచురించిన కథ ఆధారంగా 1992లో వచ్చిన "ఎ రివర్ రన్స్ త్రూ ఇట్" చలనచిత్రం తరువాత ఈ క్రీడకు ఆదరణ బాగా పెరిగినది.

ఈగ వేటగాడు పురుగులను గుర్తుపట్టవలసి ఉంటుంది. ఏ నెలలో, ఏ గంటలో, ఏ పురుగు నీటి నుండి రెక్కలతో పైకి వస్తుందో తెలియకపోతే ఈగను ఎంచుకోలేడు. జూన్ చివరి వారాలలో మిచిగన్ నదులలో హెక్సజీనియా అనే పెద్ద మేఫ్లై పురుగులు చీకటి పడ్డాక వేలాదిగా లేస్తాయి. ఆ రాత్రులలో వేటగాళ్ళు కనిపించని నదిలో, చేప నీటిని మింగే చప్పుడును బట్టి గాలం వేస్తారు. ఇలా నదిని చూడటం అలవాటైనవారు పురుగులు తగ్గిపోవడాన్ని, నీరు మసకబారడాన్ని మిగతావారి కంటె ముందే గమనిస్తారు. వేటగాళ్ళ సంఘం పరిరక్షణ సంఘంగా మారడానికి ఇది ఒక ముఖ్య కారణం.

సంస్థ నిర్మాణము

సంస్థలో మూడు అంచెలు ఉన్నాయి: స్థానిక శాఖలు, రాష్ట్ర మండళ్ళు, జాతీయ సంస్థ. చందా కట్టిన సభ్యుడు సాధారణంగా తన నివాసానికి దగ్గరి శాఖలో చేరతాడు. శాఖకు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, కార్యవర్గం ఉంటారు. వీరెవరికీ జీతం ఉండదు. జాతీయ సంస్థలో మాత్రం జీతం తీసుకునే శాస్త్రవేత్తలు, న్యాయవాదులు, ఇంజనీర్లు పనిచేస్తారు. శాఖలు చేసే వాగు పనులకు డబ్బు సమకూర్చడానికి 1975 నుండి "ఎంబ్రేస్ ఎ స్ట్రీమ్" అనే గ్రాంటుల పథకం నడుస్తున్నది.

శాఖలలో సమిష్టి జీవితము

శాఖ జీవితం ఋతువులను అనుసరించి నడుస్తుంది. చలికాలంలో నదులు గడ్డకట్టినప్పుడు సభ్యులు వారానికో నెలకో ఒకసారి గ్రంథాలయంలోనో, చర్చి హాలులోనో, హోటలులోనో కూర్చొని ఈగలు కడతారు. బల్లకు బిగించిన చిన్న పట్టుడుబిళ్ళలో గాలం పెట్టి, పెద్దలు ఒక్కొక్క చుట్టూ చూపిస్తుంటే క్రొత్తవారు నేర్చుకుంటారు. వైద్యుడు, వడ్రంగి, పాఠశాల ఉపాధ్యాయుడు, పదవీ విరమణ చేసిన కార్మికుడు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం ఇక్కడ సామాన్యం. నెలవారీ సమావేశంలో చేపల శాఖ అధికారిని గాని, పురుగుల శాస్త్రవేత్తను గాని పిలిచి ఉపన్యాసం ఇప్పిస్తారు. సంవత్సరానికొకసారి విందు, వేలం జరుగుతాయి. సభ్యులు స్వయంగా కట్టిన ఈగల పెట్టెలు, చేతితో చేసిన గాలపు కర్రలు, నదిపై పడవ ప్రయాణాలు వేలం వేసి ఆ సొమ్మును వాగు పనులకు వాడతారు.

వసంతం రాగానే నది పనులు మొదలవుతాయి. ఒడ్డున చెత్త ఏరడం, మొక్కలు నాటడం, నీటి ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు అమర్చడం, రాళ్ళ క్రింది పురుగులను లెక్కించడం సభ్యులు చేస్తారు. పిల్లలకు గాలం వేయడం నేర్పే శిబిరాలు జరుగుతాయి. 2005లో ప్రారంభమైన ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ అనే వేరొక సంస్థ యుద్ధంలో గాయపడిన సైనికులకు ఫ్లై ఫిషింగ్ నేర్పుతున్నది. రొమ్ము క్యాన్సర్ నుండి కోలుకుంటున్న స్త్రీల కొరకు 1996లో ఏర్పడిన కాస్టింగ్ ఫర్ రికవరీ కూడా ఇటువంటిదే. శస్త్రచికిత్స తరువాత చేయి మెల్లగా ఊపే వ్యాయామం ఈ వేటలో సహజంగా లభిస్తుంది. ఇటువంటి శిబిరాలకు స్థానిక వేటగాళ్ళు స్వచ్ఛందంగా తోడ్పడతారు.

పాఠశాలలలో నడిచే "ట్రౌట్ ఇన్ ది క్లాస్‌రూమ్" కార్యక్రమం బాగా పేరు పొందినది. శాఖ సభ్యులు తరగతి గదిలో నీటిని చల్లగా ఉంచే యంత్రంతో కూడిన గాజు తొట్టి ఏర్పాటు చేస్తారు. శరదృతువులో గాని చలికాలంలో గాని ట్రౌట్ గుడ్లు వస్తాయి. పిల్లలు రోజూ నీటి ఉష్ణోగ్రత, ఆమ్లగుణం, అమ్మోనియా కొలుస్తూ, గుడ్డు పొదిగి పిల్ల కావడం, కడుపు క్రింది సొన సంచి కరిగిపోవడం చూస్తారు. ఎండాకాలానికి ముందు వాటిని అనుమతించిన వాగులో వదులుతారు. తొట్టిలో చచ్చిపోయిన పిల్లలను లెక్క వ్రాయడం కూడా పాఠంలో భాగమే. నీటిలో ఏ చిన్న మార్పు వచ్చినా ప్రాణం పోతుందని పుస్తకం కంటె ఆ తొట్టి బాగా నేర్పుతుంది.

ఈ సంఘాలలో కొన్ని వ్రాయని నియమాలు ఉన్నాయి. ముందుగా వచ్చిన వేటగాడి ఎదురుగా నీటిలో దిగరాదు. చేపను తడి చేతులతోనే పట్టుకోవాలి, ఎందుకనగా పొడి చేతులు దాని జిగురు పొరను తుడిచివేస్తాయి. ఒక నది నుండి మరొక నదికి పోయే ముందు బూట్లు కడిగి ఆరబెట్టాలి. న్యూజీలాండ్ బురద నత్త అనే చిన్న నత్త ఇలా బూట్లకు అంటుకొని వ్యాపించగలదు. అది 2016లో ఆసాబుల్ నదిలో కూడా కనిపించినది. తడి పీల్చుకొనే ఉన్ని అట్ట అడుగుల బూట్లను మేరీలాండ్, అలాస్కా రాష్ట్రాలు నిషేధించాయి.

వాగుల పునరుద్ధరణ

విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా, ఇల్లినాయి రాష్ట్రాలు కలిసే చోట హిమానీనదాలు తాకని కొండల ప్రాంతం ఉన్నది. దీనిని డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతమంటారు. ఏటవాలు నేలలను దున్నడం వల్ల కొట్టుకుపోయిన మట్టి లోయలలో గుట్టలుగా పేరుకొని వాగులను పూడ్చివేసినది. అమెరికాలో పరీవాహక ప్రాంతమంతటికీ వర్తించే మొదటి నేల సంరక్షణ ప్రదర్శన పథకం 1933లో ఇక్కడి కూన్ క్రీక్ వద్దనే ఆరంభమైనది. ఈ ప్రాంతంలో ట్రౌట్ అన్‌లిమిటెడ్ శాఖలు పాడిరైతులతో, ప్రభుత్వ శాఖలతో కలిసి నిట్టనిలువు ఒడ్లను వాలుగా మలచి, గడ్డి నాటి, చేపలు దాగడానికి ఒడ్డు క్రింద చెక్క చూరులు అమర్చాయి. పొలం కోత ఆగడం వల్ల రైతుకు లాభం, వేటగాళ్ళకు ఒడ్డున నడిచే హక్కు లభించాయి.

పశువుల దారి క్రింద, రోడ్ల క్రింద ఉండే తూములు మరొక సమస్య. తూము చివర నీరు ఎత్తు నుండి పడుతుంటే చేప పైకి ఎక్కలేదు. వేసవిలో చల్లని ఎగువ పాయలకు చేరలేక క్రిందనే చిక్కుకుంటుంది. ఇటువంటి తూముల స్థానంలో వెడల్పయిన వంతెనలు కట్టించడం శాఖల పనులలో ముఖ్యమైనది.

పెన్సిల్వేనియా, పశ్చిమ రాష్ట్రాలలో పాడుబడిన గనుల నుండి ఆమ్లపు నీరు, లోహాలు కారి వాగులను చంపివేశాయి. యజమానులు ఎప్పుడో పోయారు. బాగుచేయడానికి ముందుకు వచ్చిన స్వచ్ఛంద సంస్థ మాత్రం చట్టం దృష్టిలో ఆ కాలుష్యానికి బాధ్యత వహించవలసి వచ్చేది. సంస్థ అనేక సంవత్సరాలు కృషి చేసిన పిమ్మట, 2024 డిసెంబరులో లోహపు గనుల విషయంలో ప్రయోగాత్మకంగా ఈ భయాన్ని తొలగించే చట్టం వచ్చినది.

ఆనకట్టలపై పోరాటాలు

టెనెసీ రాష్ట్రంలోని లిటిల్ టెనెసీ నదిపై టెల్లికో ఆనకట్ట కట్టరాదని 1971లో వేసిన దావాలో ట్రౌట్ అన్‌లిమిటెడ్ ఒక వాది. ఆ లోయలో మంచి ట్రౌట్ నీరు, రైతుల పొలాలు, చెరోకీ జాతి పురాతన గ్రామాల స్థలాలు ఉన్నాయి. స్నెయిల్ డార్టర్ అనే చిన్న చేప కారణంగా వేసిన మరొక దావాలో 1978లో సుప్రీం కోర్టు నిర్మాణాన్ని ఆపినా, మరుసటి సంవత్సరం అమెరికా కాంగ్రెస్ ఆ పథకానికి మినహాయింపు ఇచ్చినది. 1979 నవంబరులో లోయ మునిగిపోయినది.

ఇరవై సంవత్సరాల తరువాత మెయిన్ రాష్ట్రంలో ఇందుకు వ్యతిరేకమైన ఫలితం వచ్చినది. అగస్టా నగరం వద్ద కెనెబెక్ నదికి అడ్డంగా 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ ఆనకట్ట సముద్రం నుండి వచ్చే చేపల దారిని మూసివేసినది. దానిని తొలగించమని పోరాడిన కూటమిలో ట్రౌట్ అన్‌లిమిటెడ్‌తో పాటు దాని కెనెబెక్ వ్యాలీ శాఖ కూడా ఉన్నది. 1997లో కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ యజమాని ఇష్టానికి విరుద్ధంగా లైసెన్సు నిరాకరించి ఆనకట్ట తొలగింపుకు ఆదేశించినది. ఇటువంటి ఆదేశం ఇదే మొదటిది. 1999 జూలై 1న ఆనకట్టకు గండి కొట్టారు. 162 సంవత్సరాల తరువాత అలవైఫ్, షాడ్, స్ట్రైప్డ్ బాస్ చేపలు ఎగువకు వెళ్ళాయి. 2008లో ఉపనది సెబాస్టికుక్‌పై మరొక ఆనకట్టను తొలగించాక అలవైఫ్ చేపలు ఏటా లక్షల సంఖ్యలో వస్తున్నాయి.

పెనాబ్‌స్కాట్ నదిపై 2012, 2013 సంవత్సరాలలో రెండు ఆనకట్టలు, పశ్చిమాన క్లామత్ నదిపై 2023, 2024లలో నాలుగు ఆనకట్టలు తొలగించబడ్డాయి. ఈ రెండు చోట్లా ఆదివాసి జాతులు ముందు నిలిచి పోరాడగా, ట్రౌట్ అన్‌లిమిటెడ్ వారితో కలిసి పనిచేసినది.

విమర్శలు

పట్టి వదలడం: చేపకు నొప్పి తెలుసా అన్న ప్రశ్న పాతదే. 2003లో లిన్ స్నెడన్ బృందం రెయిన్‌బో ట్రౌట్ తలలో నొప్పిని గ్రహించే నాడులు ఉన్నట్లు కనుగొన్నది. తినడానికి కాక కేవలం వినోదానికి చేపను పట్టి వదలడం హింస అని కొందరి వాదన. స్విట్జర్లాండ్, జర్మనీ దేశాల చట్టాలు దీనిని పరిమితం చేశాయి. వేటగాళ్ళు లేకపోతే ఈ నదుల కొరకు మాట్లాడేవారే తక్కువని సంస్థ పక్షం వారంటారు.

పరాయి చేపలు: బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ప్రపంచపు వంద అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్నాయి. రెయిన్‌బోతో సంకరం వల్ల పశ్చిమ రాష్ట్రాలలో కట్‌త్రోట్ క్షీణించినది. స్థానిక జాతిని తిరిగి నిలపడానికి కొన్ని వాగులలో మందు కలిపి పరాయి ట్రౌట్‌ను చంపవలసి వస్తుంది. దీనిపై సభ్యుల మధ్యనే భేదాభిప్రాయాలు ఉన్నాయి.

సభ్యత్వము: సభ్యులలో అధికులు వయసు మళ్ళిన పురుషులు. పనిముట్ల ఖరీదు, పగటి తీరిక అందరికీ ఉండవు. స్త్రీలను, యువకులను చేర్చుకోవడానికి సంస్థ ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతున్నది.

భారతదేశంలో ట్రౌట్

భారతదేశంలో ట్రౌట్ సహజంగా లేదు. బ్రిటిషు అధికారులు తమ వేట సరదా కొరకు గుడ్లను ఓడలలో మంచుపై తెచ్చి కాశ్మీరు, కులు లోయ, నీలగిరులు, మున్నార్ కొండలలో ప్రవేశపెట్టారు. కాశ్మీరుకు పంపిన మొదటి విడత గుడ్లు దారిలోనే చెడిపోగా, 1900లో వచ్చిన రెండవ విడత బ్రతికినది. నీలగిరులలో అవలాంచి వద్ద హేచరీ స్థాపించారు. నీలగిరులు నాటి మద్రాసు రాజధానిలో భాగం. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ రాజధానిలోనివే. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణా నదుల నీరు వెచ్చనిది కావున వాటిలో ట్రౌట్ బ్రతకదు; ఇక్కడ కొరమీను, బొచ్చె, వాలుగ వంటి చేపలు పెరుగుతాయి.

అయితే కెనెబెక్ నది కథకు దగ్గరి పోలిక గోదావరిలో ఉన్నది. వర్షాకాలపు ఎర్రనీటిలో సముద్రం నుండి ఎదురీదే పులస, అలవైఫ్, షాడ్ చేపలకు దూరపు చుట్టము. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత దాని ప్రయాణం అక్కడ ఆగినది. ఆ ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టినది కనుక తొలగింపు ప్రశ్న ఇక్కడ తలెత్తదు. కాని నదికి అడ్డం కట్టిన ప్రతి గోడకూ చేప వైపు నుండి కూడా ఒక లెక్క ఉంటుందని ఈ పోలిక తెలుపుతుంది.

గ్రేలింగ్ పునరాగమనము

2016లో మిచిగన్ సహజ వనరుల శాఖ, లిటిల్ రివర్ బ్యాండ్ ఒట్టావా ఆదివాసి జాతి కలిసి గ్రేలింగ్ చేపను తిరిగి తీసుకురావడానికి ఒక కార్యక్రమం ప్రారంభించాయి. అలాస్కా చేపల నుండి పెంచిన తల్లిచేపల గుడ్లను 2025లో మానిస్టీ, బోర్డ్‌మన్, మేపుల్ నదులలో ఉంచారు. ఆ చేపలు నిలదొక్కుకుంటాయా లేదా అన్నది రాబోయే సంవత్సరాలలో తేలుతుంది. అవి నిలవవలసిన నీటిలో ఇప్పటికే బ్రౌన్ ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ నివసిస్తున్నాయి. ట్రౌట్ కొరకు ఆరు దశాబ్దాలు శ్రమించినవారికి, ఆ ట్రౌట్ కంటె ముందు అక్కడ ఉండిన చేపకు చోటు ఇవ్వడం క్రొత్త పరీక్ష.

ఇవి కూడా చూడండి

ట్రౌట్
సాల్మన్
ఆసాబుల్ నది
పులస
ధవళేశ్వరం ఆనకట్ట
నీలగిరి కొండలు